స్టేషన్ కొళాయి దగ్గర తలస్నానం

కొత్తగా డిపార్టుమెంటులో చేరిన ఆడపిల్లలకు ట్రైనింగులో పరేడు చేయిస్తారు, సెక్షన్లు బట్టీ పట్టిస్తారు, తుపాకి విప్పి మళ్లీ బిగించమంటారు. నేను కానిస్టేబులుగా చేరి ఏఎస్సైగా దిగిపోయినా. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల స్టేషన్లలోనే నా సర్వీసంతా గడిచిపోయింది. ఆ తుపాకితో నాకు ఒక్కనాడూ పనిబడలా. పనిబడిందంతా వేరే. ఒక పిల్ల, ఒక పిల్లోడు చేతులు పట్టుకొని స్టేషన్ మెట్లెక్కుతారు. వాళ్ల వెనకాలే ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం దిగుతారు. ఆ జనానికీ ఆ జంటకూ నడుమ నిలబడే పని ఎప్పుడూ ఆడ పోలీసుదే. సార్లు ఆ టైముకు ఫోన్లో మాట్లాడుతుంటారు.

కొత్తగా చేరే మీ కోసం ఆ పని గురించే రాస్తాండా. మన హిందువుల ఇండ్లల్లో పిల్ల వేరే మతం వాణ్ణి చేసుకుంటానంటే ఏం జరుగుతుందో, చూసింది చూసినట్టు రాస్తా. నేనూ అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్నే. కాబట్టి ఎవుర్నో దూరం నుంచి తిడతాండానని అనుకోవద్దు. పేర్లు మార్చినా. కొన్ని ఊర్ల పేర్లు చెప్పను, అడగొద్దు.

ముందు అన్నం పెట్టండి

నాకు పని నేర్పింది ఒక ముసలి సీఐ. నోరు మంచిది కాదు, మనిషి మంచోడు. కొత్తలో నేను ఒక జంటను నిలబెట్టి "ఎన్నాళ్ల నుంచి ప్రేమించుకుంటాండారు?" అని అడుగుతాంటే లోపల నుంచి అరిచినాడు. "ఏందమ్మా పద్మా, సినిమా కథ రాస్తాండావా? తిన్నారో లేదో అడిగినావా?"

అడిగితే, ముందు రోజు పొద్దున తిన్నదే. ఇంట్లోంచి వచ్చేసిన పిల్లలు ఎవురూ తిని రారు. ఆకలి మీద ఉన్న పిల్ల ఏం చెప్పినా నమ్మొద్దు అనేవాడాయన. ఇంటికి పోతానంటుంది, చస్తానంటుంది, వీడే కావాలంటుంది. మాట్లాడేదంతా ఆకలే. కడుపులో ఇంత పడినాక ఏం చెప్తుందో అదే దాని మాట. ఎదురు హోటల్ నుంచి ఉగ్గాని, బజ్జీ తెప్పించి పెట్టేవాళ్లం. సగం కేసుల్లో పిల్ల తినేటప్పుడు ఏడుస్తుంది. ఏడవనీండి. అప్పుడు మాట్లాడించొద్దు.

తర్వాత పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగల్ల. పిల్లోడు పక్కన ఉండకూడదు, అమ్మానాయనలు ఉండకూడదు, చేతిలో ఫోను ఉండకూడదు. నీ వయసెంత, యాడికి పోవాలని ఉంది, ఇంతే ప్రశ్నలు. మేజరైన పిల్ల యాడికి పోతానంటే ఆడికి పంపాల, అదీ చట్టం. ట్రైనింగులో దీన్ని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ ముక్కకూ స్టేషన్ గేటుకూ నడుమ ఊరు ఊరంతా నిలబడి ఉంటుందని మాత్రం చెప్పరు.

కోడలొస్తే ఒకటి, కూతురు పోతే ఒకటి

మా పక్క హిందువులకు సాయిబులంటే పడదని ఎవురన్నా చెప్తే నమ్మొద్దు. పీర్ల పండగొస్తే ఊర్లల్లో పీరు ఎత్తేది చానామంది హిందువులే. పుట్టిన బిడ్డలు నిలవకపోతే దర్గాకు మొక్కుకొని దస్తగిరి అనో, హుసేనమ్మ అనో పేరు పెట్టుకుంటారు. సాయిబుల పెండ్లికి పోతాం, కూర్చొని తింటాం. మామా, అన్నా అని వరసలు పెట్టి పిలుచుకుంటాం. ఇదేం నటన కాదు. నిజంగానే ఉంది.

పిల్ల మాట వచ్చినప్పుడు మాత్రం ఆ వరసలన్నీ ఆడికాడికే నిలిచిపోతాయి. "దేవుడు వేరు మేడమ్, సంబంధం వేరు" అంటారు. ఆ తర్వాత అడిగే ప్రశ్నలు కూడా ఏ ఊరి నుంచి వచ్చినోళ్లయినా అవే. పేరు మారుస్తారా, బురఖా ఏస్తారా, ఇంట్లో ఏం వండుతారు. ఒక అవ్వ అయితే స్టేషన్ బెంచీ మింద కూర్చొని, "అవన్నీ కాదు, రేపు సచ్చినాక దీన్ని పూడుస్తారా, కాలుస్తారా? అది చెప్పండి ముందు" అని పట్టుబట్టింది. మనవరాలు "అవ్వా, ముందు బతకనీవే" అనింది. అంత గొడవలో అందరం నవ్వినాం, ఆ అవ్వతో సహా.

అదే కొడుకు సాయిబుల పిల్లను తెచ్చుకుంటే? తిడతారు, కొన్నాళ్లు గడప తొక్కనీరు. తర్వాత కోడలికి బొట్టు పెట్టి, పేరు మార్చి, గుడికి పిలుచుకుపోతారు. "మా ఇంటి పిల్లయిపోయింది" అని పదిమందికీ చెప్పుకుంటారు. అవతల ఆ పిల్ల అమ్మానాయనలు ఏడుస్తాంటారు, అది వాళ్ల ఖర్మ. నంద్యాలలో అట్లా కోడలైన ఒక పిల్లను ఒకసారి బజార్లో చూసి, అలవాటు కొద్దీ పాత పేరుతో "షబానా" అని పిలిచినా. గబుక్కున తిరిగి, నా చెయ్యి పట్టుకొని, "ఇంకోసారి పిలువు మేడమ్" అనింది. మతం గురించి గొంతు చించుకునే ఇండ్లల్లో ఒక్కరన్నా ఈ సంగతికి సిగ్గుపడంగా నేను చూడలా.

క్రిస్టియన్ల కాడికొస్తే ఇంకో ముచ్చట. "మతం వేరు మేడమ్, లేకుంటే మాకేం" అంటారు. వాళ్లు ఏ కులం నుంచి ఆ మతంలో కలిసినోళ్లో కనుక్కుంటే అసలు సంగతి బయటపడుతుంది. కులం ఒకటే అయితే పొద్దున చర్చిలో, సాయంత్రం ఇంటి ముందర పందిట్లో, రెండు తీర్లా పెండ్లి చేసి భోజనాలు పెట్టినోళ్లను చూసినా. కులం వేరైతే ఎవురు వచ్చి చెప్పినా వినరు. మతం అనే మాట నోటితో చెప్పుకోడానికి బాగుంటుంది, అందుకని అది ముందర పెడతారు.

నీ కూతురు అట్లా చేసింటే ఏం చేసేదానివక్కా అని స్టాఫు అడిగేవాళ్లు. అబద్ధమెందుకు, నాకూ కడుపు మండేది. తిట్టేదాన్ని, అన్నం మానేసేదాన్ని. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన మనం పుట్టిపెరిగిన ఇల్లు మనల్ని వదలదు. అయితే తిట్టేదానికీ చంపేదానికీ నడుమ చానా దూరం ఉంది. జనాన్ని ఆ దూరం దాటనీకుండా చూడడమే మన ఉద్యోగం.

నవ్వుకుంటా వచ్చేవాళ్లు

ఆ సీఐ ఇంకో మాట అనేవాడు. "అరిచేవాణ్ణి వదిలేయ్. వాడు అరిచి అరిచి ఇంటికి పోయి పండుకుంటాడు. గమ్మున నవ్వేవాణ్ణి కనిపెట్టుకో." ఆ మాట నాకు అర్థం కావడానికి ఒక పిల్ల పోవల్సి వచ్చింది.

పిల్ల మన పిల్ల. పిల్లోడు క్రిస్టియన్, వాళ్ల నాయన బళ్లో అయ్యవారు. ఇద్దరూ మేము పనిచేసే స్టేషనుకే వచ్చినారు. పిల్ల నాయన, చిన్నాయన పండ్ల సంచి పట్టుకొని వచ్చినారు. ఒక్క మాట తిట్టలా. "తప్పు మాదేనమ్మా. నువ్వు అడిగింటే మేమే చేసేవాళ్లం. ఇంటికి రా, నలుగురినీ పిలిచి ఘనంగా చేస్తాం" అన్నారు. పిల్ల ఏడుస్తా వాళ్ల కాళ్ల మింద పడింది. అప్పుడున్న ఎస్సైకి కూడా కండ్లు తడిసినాయి. పిల్లను వాళ్లతో పంపి, ఆ పండ్లు మా స్టాఫంతా తిన్నాం. కొన్నాళ్లకు పిల్ల కడుపునొప్పితో పోయిందని తెలిసింది. మాకు కబురొచ్చేసరికే కాల్చేసినారు. కేసు కట్టినారు, నిలవలా. చూపించేదానికి బూడిద తప్ప ఏముంది?

అప్పటినుంచి మర్యాదగా మాట్లాడే ఇంటోళ్లను చూస్తే నాకు భయం. తిట్టేవాళ్లకు నేనే కుర్చీ వేసేదాన్ని.

దస్తగిరప్ప కూతురు

ఇది నా సర్వీసు చివర్లో, ఆళ్లగడ్డ వైపు పనిచేస్తాన్నప్పటి సంగతి. పిల్ల పేరు మహేశ్వరి, శిరివెళ్ల మండలంలో ఒక పల్లె. నంద్యాలలో డిగ్రీ చదివి, ఆళ్లగడ్డలో ప్రైవేటు బళ్లో టీచరుగా చేస్తాండేది. పిల్లోడు ఖాదర్. కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. మహేశ్వరి తల్లి ఎప్పుడో పోయింది. నాయన పేరు దస్తగిరప్ప. పేరు విని సాయిబు అనుకోవద్దు, పక్కా హిందువు. వాళ్లమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టినాడంట. వాళ్లూర్లో పెద్ద పీరు ఎత్తేది ఆయనే. మోటారు కాలిపోతే ఎత్తుకొచ్చి ఖాదర్ షాపులో ఇచ్చేదీ ఆయనే.

పిల్ల మేనమామ ఓబులేసు. మహేశ్వరి పుట్టినప్పుడే తన కొడుక్కని అనేసుకున్నాడు, మా పక్క మేనరికాలు అంతే. తల్లి లేని పిల్లని పండక్కు బట్టలు పెట్టినాడు, చదివించినాడు. ఊర్లో ఆయన మాటకు బరువుంది. వెనక మనుషులున్నారు.

ఆ ఇద్దరూ తెలివైనోళ్లే. ఎవురూ మతం మారకుండా రిజిస్టరు పెండ్లికి నోటీసు ఇచ్చినారు. అది నెల రోజులు ఆఫీసు బోర్డు మింద ఉంటుంది, ఎవురికన్నా అభ్యంతరం ఉంటే చెప్పమని. దాన్ని ఎవురో ఫోటో తీసి వాట్సప్ గ్రూపుల్లోకి తోసినారు. సాయంత్రానికి పల్లెపల్లెకూ చేరింది. మరుసటి పొద్దున ఇద్దరూ మా స్టేషన్లో ఉన్నారు. పెండ్లికి ఇంకా గడువుంది. అంతవరకు ఆ పిల్ల యాడ ఉండల్ల? అదీ సమస్య.

జనం దిగినారు. ఊరోళ్లతో పాటు, ఆ పిల్ల మొహం ఎప్పుడూ చూడని పిల్లగాళ్లు కూడా బైకుల మింద వచ్చినారు. ఒకడు ఫోను చూసుకుంటా "ఇది జిహాద్" అని అరిచినాడు. దస్తగిరప్ప పక్కనోణ్ణి "అంటే ఏందప్పా?" అని అడిగినాడు. పక్కనోడికీ తెలీదు. వాళ్లందరినీ గేటు అవతలికి తోసి, ఇంటోళ్లను మాత్రం లోపలికి పిలిచినాం.

ఓబులేసు చేతులు కట్టుకొని నిలబడి, నవ్వుతా మాట్లాడినాడు. "కాలం మారింది సార్. పిల్లకు ఇష్టమైతే మాకేం? ఈ నెల దినాలు మా ఇంట్లో ఉండనీండి. మేమే పిలుచుకొచ్చి సంతకం పెట్టిస్తాం. మేనమామను, నేను చేయకుంటే ఎవురు చేస్తారు?"

ఎస్సై కొత్త పిల్లోడు, మంచోడు. ఊపిరి పీల్చుకున్నాడు. "చూడక్కా, ఎంత పెద్ద మనసో" అన్నాడు నాతో.

"సార్, పిల్లను ఆడోళ్ల హోముకు పంపిద్దాం" అన్నా.

"సొంత మేనమామ పిలుస్తాంటే హోమెందుకక్కా? పిల్లే పోతానంటాంది కదా."

నిజంగానే పోతానంటాంది. తిన్నాక కూడా అదే మాట. ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగితే, "మామ నన్నేం చేస్తాడు మేడమ్? ఎత్తుకొని పెంచినాడు నన్ను" అనింది.  ఖాదర్, తను వద్దంటే పిల్లను పట్టి పెట్టుకున్నాడంటారని నోరు మూసుకొని నిలబడినాడు. మేజరైన పిల్ల యాడికి పోతానంటే ఆడికి. అన్నేండ్లు నేను అందరికీ చెప్పిన చట్టం ఆ పొద్దు నా చేతులే కట్టేసింది.

 అంతసేపూ దస్తగిరప్ప గోడకు ఆనుకొని బామ్మర్ది మొహమే చూస్తాన్నాడు. ఇంటికాడ వాళ్లిద్దరి నడుమ ఏం మాటలు నడిచినాయో నాకు తెలీదు, ఆయన ఎప్పుడూ చెప్పలా. మహేశ్వరి లేచి సంచి భుజానేసుకుంది. ఓబులేసు పిల్ల తల మింద చెయ్యి పెట్టి, "పదమ్మా" అన్నాడు.

అప్పుడు అరిచినాడు దస్తగిరప్ప. స్టేషన్ అదిరిపోయింది.

"యాడికే పోతాండావ్? ఏ మొహం పెట్టుకొని మా గడప తొక్కుతావే? మీయమ్మ బతికింటే ఈ పొద్దు ఉరేసుకునేది!"

"నాయనా..."

"ఎవురే నీకు నాయన? నా కూతురు సచ్చింది!"

అంటానే బయటికి పోయినాడు. స్టేషన్ ఆవరణలో జీపు కడుక్కునే కొళాయి ఉంది. గేటు కాడ ఊరంతా చూస్తాంటే, బకెట్టు నిండా పట్టి, కట్టుగుడ్డలతోనే తలమింద కుమ్మరించుకున్నాడు. చావు కబురు వింటే మనోళ్లు పోసుకుంటారే, అట్లా. నీళ్లు కారతాండంగానే గేటు కాడికి పోయినాడు.

"వినుకోండ్రప్పా! నా బిడ్డ మహేశ్వరి ఈ పొద్దు సచ్చింది. నాకు మైలొచ్చింది. దినాలు చేస్తా, ఊరికంతా కూడు పెడతా. అందరూ రాండి."

 లోపల మహేశ్వరి కింద కూలబడి తల బాదుకుంటాంది. దాన్ని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పోయి ఆయన మొహం మిందనే అన్నా, "నువ్వు మనిషివేనా? బతికున్న బిడ్డకు అందరి ముందర నీళ్లు పోసుకుంటావా?" 

ఓబులేసు గబగబా బయటికొచ్చినాడు. అంతసేపూ ఉన్న నవ్వు మాయమైపోయింది. "ఏం పని చేసినావు బావా! నేను ఇంటికి పిలుచుకుపోతాంటే!"

"ఎవుర్ని పిలుచుకుపోతావప్పా?" అన్నాడు దస్తగిరప్ప. "సచ్చినదాన్ని ఇంటికి పిలుచుకుపోయే ఆనవాయితీ మీ ఇంట్లో ఉందా? మేనమామవు, నీకూ మైలే. పోసుకో."

బకెట్టు మళ్లీ నింపి బామ్మర్ది కాళ్ల ముందర పెట్టినాడు. ఊరంతా చూస్తాంది. పోసుకోకుంటే, ఆ పిల్ల మా మనిషే, మా ఇంటికే వస్తాందని ఓబులేసు ఊరి ముందర ఒప్పుకున్నట్టు. ఆ పరువు తక్కువ ఇంక ఆయన ఇంటిది. పోసుకుంటే ఆ పిల్లతో ఆయనకు ఏ పనీ లేనట్టు. పండ్లు పటపట కొరుకుతా పోసుకున్నాడు. ఊరి పెద్దోళ్లు కూడా తలా చెంబుడు నెత్తిన చల్లుకున్నారు. జనం కదిలినారు. చావు అయిపోయినాక ఆడ ఇంకేం పని?

నేను పిల్లకు నీళ్లు తాపుతాంటే దస్తగిరప్ప మెల్లిగా లోపలికొచ్చినాడు. కూతురి పక్క చూడలా. గోడను చూసి మాట్లాడినాడు.

"మేడమ్, బేగ పంపించేయండి. వీళ్లు ఊరు చేరేలోపల మండలం దాటిపోవల్ల."

నేను ఆయన మొహం చూసినా. 

"సచ్చినదాన్ని మళ్లీ ఎవురూ చంపరు మేడమ్" అన్నాడు. అని వెళ్లిపోయినాడు.

ఖాదర్ అక్క డోన్‌లో ఉంటే, పిల్లను ఆమె ఇంటికి మా జీపులోనే పంపినాం. గడువు తీరినాక నేనే తోడుపోయి రిజిస్టరు చేయించినా. ఇద్దరూ డోన్‌లోనే కాపురం పెట్టినారు.

ఆయన చేసిన పని

దస్తగిరప్ప అన్నంతా చేసినాడు. గుండు కొట్టించుకున్నాడు. దినాలు చేసినాడు. ఊరికంతా అన్నం పెట్టినాడు. కూతురి ఫోటోకు దండేసి, భార్య ఫోటో పక్కన తగిలించినాడు. ఊరు తృప్తిపడింది. ఓబులేసు తన కొడుక్కి వేరే సంబంధం చూసుకున్నాడు. డోన్ పక్కకు ఎవురూ పోలా.

ఎస్సైకి ఇదంతా విడమర్చి చెప్తే నమ్మలా. "వాళ్ల మామ నిజంగానే మంచోడేమో అక్కా, మనకేం తెలుసు?" అన్నాడు.  మంచోడే కావచ్చు. పిల్ల చచ్చిపోతే సాక్ష్యాలు వెతుకుతాం. బతికిన పిల్ల దేని నుంచి బతికిందో చెప్పేదానికి సాక్ష్యం ఉండదు. ఈ ఉద్యోగంలో బాగా చేసిన పనులన్నీ ఇట్లాంటివే, కాబట్టి మెచ్చుకుంటారని ఎదురుచూడొద్దు.

దస్తగిరప్ప గొప్పోడని కూడా నేను అనను. పీరు ఎత్తే మనిషే గానీ, ఆ పెండ్లి ఆయనకూ ఇష్టం లేదు. ఆ పొద్దు తిట్టిన తిట్లలో సగం కడుపులోంచి వచ్చినవే, నాకు తెలుసు. కూతుర్ని తిట్టిన మనిషీ, కాపాడిన మనిషీ ఒక్కరే. అట్లాంటోళ్లు మీకు చానామంది ఎదురవుతారు, తొందరపడి మంచోడు చెడ్డోడు అని రాసుకోవద్దు. ఇంక నేను ఆలోచించేది ఒకటే. మనోళ్ల ఆచారాల్లో బిడ్డను బతికించుకునేదానికి ఒక తండ్రికి దొరికింది చావుస్నానం ఒక్కటే అయితే, ఆ ఆచారాలను ఏమనాలి? నాకైతే కోపమే వస్తాంది. ఇప్పటికీ వస్తాంది.

రిటైరైనాక ఒకసారి నంద్యాల బస్టాండులో ఆయన కనిపించినాడు. జుట్టు తెల్లబడింది. అదే బెంచీ మింద వాళ్లూరోళ్లు ఇద్దరు కూర్చొని ఉన్నారు. పోయి పక్కన కూర్చున్నా. మహేశ్వరికి కూతురు పుట్టింది, ఫోటో పంపింది. ఫోను తీసి, మెల్లిగా "మహేశ్వరికి పాప పుట్టిందప్పా, చూస్తావా?" అన్నా.

"ఏ మహేశ్వరి మేడమ్? నాకున్నది ఒక్క బిడ్డ, అది పోయింది" అన్నాడు, పక్కనోళ్లకు వినపడేట్టు.

ఫోను సంచిలో పెట్టేసినా. ఇద్దరం వచ్చే పోయే బస్సులు చూస్తా కూర్చున్నాం.

"డోన్ పక్క నీళ్లకు కరువంట గదా మేడమ్?" అన్నాడు ఉన్నట్టుండి.

"లేదప్పా. ఇంటి ముందరే బోరు వేయించినారు. బాగా వస్తాండాయి."

"ఎండలు ఎక్కువంట ఆ పక్క."

"కూలర్ ఉంది."

 "చంటిబిడ్డ ఉన్న ఇంట్లో కూలరు ఎదురుగా పెట్టకూడదు. జలుబు చేస్తాది. పక్కకు తిప్పి పెట్టుకోవల్ల."

"చెప్తాలేప్పా" అన్నా.

శిరివెళ్ల బస్సొచ్చింది. వాళ్లూరోళ్లు లేచినారు. ఆయనా లేచి, తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకొని నా పక్క తిరిగినాడు.

"ఎవురికి చెప్తారు మేడమ్?" అన్నాడు. అని బస్సెక్కినాడు.